పాత సీరియళ్ల డిస్కులు: ఈ ఆరు సెట్లలో ముందు ఏది కొనాలి?

బాగా రాసిన పాత సీరియల్ ఒకటి డిస్కుల మీద కొనుక్కుని ఇంట్లో నిదానంగా చూద్దామని చాలామందికి ఉంటుంది. దేనితో మొదలుపెట్టాలో తేలక అక్కడే ఆగిపోతారు. ఒకరు మాల్గుడి డేస్ అంటారు, ఇంకొకరు తమస్ చూడకపోతే ఏం చూసినట్టు అంటారు, ఆఫీసులో ఎవరో యెస్ మినిస్టర్ గురించి ఊదరగొడతారు. అన్నీ ఒకేసారి కొంటే సగం సెట్లు సీలు కూడా విప్పకుండా అల్మరాలో ఉండిపోతాయి. అందుకే ఈ ఆరింటినీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది ముందు సరిపోతుందో చెప్తాను.

"యూట్యూబ్‌లో ఉన్నాయిగా, కొనడం ఎందుకు?" అని అడగొచ్చు. నిజమే, దూరదర్శన్ సీరియళ్లు చాలావరకు ప్రసార భారతి ఆర్కైవ్స్ పెట్టినవి యూట్యూబ్‌లో దొరుకుతాయి. 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ కూడా వచ్చింది. అయినా డిస్కు వల్ల లాభాలు ఉన్నాయి. ఎపిసోడ్లు వరసలో ఉంటాయి, మధ్యలో ప్రకటన రాదు, హక్కులు చేతులు మారాయని ఒక రోజు పొద్దున మాయం కావు. నేనైతే ముందు ఉచితంగా ఒక్క ఎపిసోడ్ చూసి, ఇంట్లోవాళ్లు రెండోది అడిగితేనే సెట్ కొనమంటాను.

కొనే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు భాష. ఈ సీరియళ్లన్నీ సంభాషణ మీద నడిచేవే. ఇద్దరు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు, కథ అందులోనే జరిగిపోతుంది. ఆ మాట మనకి అందకపోతే మిగిలేది వెలిసిన రంగులూ పాత ఫర్నిచరూ మాత్రమే. హిందీ వచ్చా రాదా అన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదు, ఎలాంటి హిందీ అన్నది కూడా చూడాలి. సంస్కృత పదాలు ఎక్కువున్న హిందీ తెలుగువాళ్లకి తొందరగా ఎక్కుతుంది, అవే మాటలు మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం కాబట్టి. ఉర్దూ పాలు పెరిగితే హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఇబ్బంది ఉండదు, శ్రీకాకుళంలోనో ఒంగోలులోనో పెరిగినవాళ్లకి సగం జారిపోతుంది. తెలుగు సబ్‌టైటిళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంగ్లీషువైనా ఉన్నాయో లేదో డబ్బా వెనక చూడండి. ఒకే సీరియల్‌ను వేర్వేరు కంపెనీలు వేసినప్పుడు ఒకదానిలో సబ్‌టైటిళ్లు ఉండి, ఇంకొకదానిలో లేకపోవడం మామూలే.

రెండోది, కథ ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడ్ అయిపోతుందా, సాగుతుందా అన్నది. వారానికి ఒక రోజు మాత్రమే తీరికయ్యే ఇంట్లో సాగే కథ కొంటే, నాలుగో వారానికి ఎవరు ఎవరి తమ్ముడో గుర్తుండదు.

మూడోది, పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది. పిల్లలా, అమ్మానాన్నలా, మీరొక్కరేనా?

బొమ్మ నాణ్యతను మాత్రం కావాలనే చివర పెట్టాను. మన డీవీడీలో నిలువునా 576 గీతలే ఉంటాయి. పెద్ద 4కె టీవీ మీద అది మెత్తగా, కొంచెం అలుక్కుపోయినట్టే కనిపిస్తుంది, దానికి మందు లేదు. రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుంటే పది నిమిషాల్లో కళ్లు అలవాటు పడతాయి. వీసీడీ మాత్రం వద్దు. అందులో గీతలు సరిగ్గా సగం, 288. సబ్‌టైటిళ్లు కావాలంటే వేసుకుని, వద్దంటే తీసేసే వీలు కూడా ఉండదు. సగం ధరకి ఇస్తామన్నా తీసుకోకండి.

| సెట్ | ప్రసారం | కథ తీరు | ఒక విడతకి సమయం | భాష |
|---|---|---|---|---|
| మాల్గుడి డేస్ | 1986 నుంచి | ఎక్కువగా విడి కథలు | అరగంట లోపు | తేలిక హిందీ, కొంత ఇంగ్లీషు |
| బ్యోమ్‌కేష్ బక్షీ | 1993, 1997 | కేసుకో కథ | గంట లోపు | మామూలు హిందీ |
| భారత్ ఏక్ ఖోజ్ | 1988–89 | అంశానికి ఒకటి రెండు భాగాలు | దాదాపు గంట | సంస్కృతం పాలు ఎక్కువ |
| తమస్ | 1988 | ఒకటే కథ | మొత్తం 5 గంటలకు దగ్గర | హిందీ, పంజాబీ యాస |
| యెస్ మినిస్టర్ | 1980–88 | విడి కథలు | అరగంట | కష్టమైన ఇంగ్లీషు |
| కొలంబో | 1971–2003 | కేసుకో కథ | గంటంపావు నుంచి గంటన్నర పైన | తేలిక ఇంగ్లీషు |

యెస్ మినిస్టర్ వరసలో దాని కొనసాగింపు యెస్ ప్రైమ్ మినిస్టర్‌ను కూడా కలిపి లెక్కేశాను.

మాల్గుడి డేస్

ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ తీశారు. కర్ణాటకలోని ఆగుంబెలో షూటింగ్, ఎల్. వైద్యనాథన్ సంగీతం, టైటిళ్లలో నారాయణ్ తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు. స్వామిగా మాస్టర్ మంజునాథ్, వాళ్ల నాన్నగా గిరీష్ కర్నాడ్. హిందీలో మాట్లాడుతున్నా ఆ ఇళ్లు, ఆ అరుగులు, పిల్లాణ్ణి బడికి తరమడం, నాన్న గొంతు వినగానే గుమ్మం దగ్గరే ఆగిపోవడం అన్నీ మన ఊళ్లవే. అందుకే హిందీ అంతంతమాత్రంగా వచ్చిన పెద్దవాళ్లు కూడా దీన్ని సబ్‌టైటిళ్లు లేకుండా చూసేస్తారు.

రాత విషయంలో దీని గొప్ప ఏమిటంటే, ఎక్కడ ఆపాలో తెలుసు. ఇరవై నిమిషాల్లో ఒక మనిషి కోరిక, అతని చిన్న మోసం, దాని ఫలితం చూపించేసి, ఎవరు మంచి ఎవరు చెడు అన్న తీర్పు చెప్పకుండా వదిలేస్తుంది. స్వామి కథా, మిఠాయిల వ్యాపారి జగన్ కథా మాత్రం కొన్ని ఎపిసోడ్లు సాగుతాయి. జగన్‌గా అనంత్ నాగ్ నటన కోసం రెండోసారి చూసినా తప్పు లేదు.

కొనేటప్పుడు రెండు సంగతులు గమనించాలి. మొదటి 13 ఎపిసోడ్లు ఇంగ్లీషులో కూడా తీశారు కాబట్టి మీకొచ్చేది ఏ భాషదో అడగండి. నా ఓటు హిందీకే, పిల్లల ఇంగ్లీషు కోసమైతే రెండోది. ఇక 2006లో కవితా లంకేశ్ తీసిన 15 ఎపిసోడ్లు వేరే వరస. శంకర్ నాగ్ తీసినవి 39. డబ్బా మీద "పూర్తి సెట్" అని ఉంటే ఏ పూర్తో లెక్కపెట్టి చూసుకోండి.

బ్యోమ్‌కేష్ బక్షీ

శరదిందు బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన డిటెక్టివ్ కథలను బాసు చటర్జీ హిందీలోకి తెచ్చారు. బ్యోమ్‌కేష్‌గా రజిత్ కపూర్, అతని స్నేహితుడు అజిత్‌గా కె.కె. రైనా. డిటెక్టివ్ అన్న పిలుపు ఇష్టం లేక తనను తాను సత్యాన్వేషి అనుకుంటాడు. వెంటాడ్డాలు, తుపాకుల మోతలు దాదాపు ఉండవు. ధోవతి కట్టుకున్న మనిషి కూర్చుని టీ తాగుతూ ఎదుటివాడి మాటలో ఎక్కడ అతుకు సరిగా పడలేదో వింటాడు.

భోజనాలయ్యాక ఇద్దరే కూర్చుని చూడ్డానికి ఈ ఆరింటిలో ఇంతకన్నా మంచిది లేదు. ముగింపుకి ముందు డిస్కు ఆపి "ఎవరు చేశారు?" అని పందెం వేసుకోవచ్చు. కథకుడు ఆధారాలను దాదాపు ఎప్పుడూ ముందే మన ముందు పెట్టేస్తాడు, కాబట్టి ఆ పందెం న్యాయంగానే ఉంటుంది. వివాహేతర సంబంధాలు, ఆస్తి కోసం విషం పెట్టడాలు కథల్లో వస్తాయి, అయితే మాటల్లోనే వస్తాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లలతో చూడొచ్చు. లోటు గురించి చెప్పాలంటే, రెండో విడతలో కొన్ని కేసులు నెమ్మదిగా నడుస్తాయి. రెండు విడతలూ విడివిడిగా దొరికితే 1993దే ముందు తీసుకోండి.

భారత్ ఏక్ ఖోజ్

నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉండి రాసిన పుస్తకం ఆధారంగా శ్యామ్ బెనెగల్ తీసిన 53 ఎపిసోడ్లు. బెనెగల్ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టినవాడే. నెహ్రూగా రోషన్ సేథ్ వచ్చి మాట్లాడి వెళ్తాడు, ఆ తర్వాత అదే అంశం నాటకంగా నడుస్తుంది. ఓం పురి ఒకసారి అశోకుడు, ఇంకోసారి ఔరంగజేబు. శివాజీగా నసీరుద్దీన్ షా.

ఇందులో భాష గంభీరం. అయినా పైన చెప్పిన కారణం వల్ల తెలుగువాళ్లకి అనుకున్నంత కష్టం కాదు, ఋగ్వేద సూక్తం మీద కట్టిన టైటిల్ పాటతోనే చెవి సిద్ధమైపోతుంది. అసలు కష్టం దాని పొడవుతో. 53 గంటలు వరసగా చూస్తామని కొన్నవాళ్లు ఎనిమిదో డిస్కు దగ్గర ఆగిపోతారు. వరసగా చూడాల్సిన పని లేదు. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఏ పాఠం చదువుతుంటే ఆ ఎపిసోడ్ వేయండి. విజయనగరం మీద ఉన్న ఎపిసోడ్లతో మొదలుపెట్టండి, హంపి చూసొచ్చిన ఇంట్లో వెంటనే మాటలు కలుస్తాయి. నిఘంటువులా వాడుకునే సెట్ ఇది. అలా వాడుకునే ఓపిక లేకపోతే కొనొద్దు, ఉచితంగా దొరికే చోట కావలసినవే చూసుకోండి.

తమస్

భీష్మ సాహ్ని నవలకి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. గోవింద్ నిహలానీ దాన్ని టీవీకి తీశారు. తోలు పని చేసుకునే నత్థూ అనే పేదవాడికి ఎవరో డబ్బిచ్చి ఒక పందిని చంపిస్తారు. పొద్దున అది మసీదు మెట్ల మీద కనిపిస్తుంది. దేశ విభజన ముందటి రోజులు, అక్కణ్ణుంచి ఊరంతా అంటుకుంటుంది. నత్థూగా ఓం పురి. ఇల్లు వదిలి నడిచే ముసలి సిక్కు హర్నామ్ సింగ్‌గా రచయిత భీష్మ సాహ్నియే నటించారు, పక్కన దీనా పాఠక్.

1988లో దీన్ని ఆపాలని కోర్టుకెళ్లారు. బొంబాయి హైకోర్టు జడ్జీలు ఇద్దరు మొత్తం చూసి ప్రసారానికి అడ్డు చెప్పలేదు, సుప్రీంకోర్టు కూడా ఆపలేదు.

ఆరింటిలో రాత పరంగా అన్నిటికన్నా బరువైనది ఇదేనని నా అభిప్రాయం. అందుకే మొదటి సెట్‌గా మాత్రం వద్దంటాను. పిల్లలు పడుకున్నాక, రెండు మూడు రాత్రుల్లో చూడాల్సింది. ఒకే రాత్రి అయిదు గంటలూ చూస్తే చివరికొచ్చేసరికి ఏదీ తగలదు. పాత్రలు ఎక్కువ, పేర్లు కలగలుస్తాయి, కాబట్టి సబ్‌టైటిళ్లు లేని కాపీ దండగ.

ఉర్దూ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇక్కడ మీర్జా గాలిబ్ సీరియల్ పేరు ఎత్తుతారని తెలుసు. 1988లోనే వచ్చింది, గుల్జార్ రాత, నసీరుద్దీన్ షా నటన, జగ్జీత్ సింగ్, చిత్రా సింగ్ గొంతులు. షేర్, అంటే రెండు పాదాల ఉర్దూ పద్యం, చెవిన పడగానే అర్థమయ్యేవాళ్లకి ఈ ఆరింటికన్నా అదే ముందు. మిగతావాళ్లకి అది పాటల డిస్కుగానే మిగులుతుంది కాబట్టి పట్టికలోకి తేలేదు.

యెస్ మినిస్టర్

ఆంటొనీ జే, జొనాథన్ లిన్ కలిసి రాసిన బీబీసీ హాస్యం. మంత్రి జిమ్ హ్యాకర్ కొత్తగా ఏదో చేద్దామంటాడు. ఆయన శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ "తప్పకుండా మంత్రిగారూ" అంటూనే అది జరక్కుండా చూస్తాడు. ఇద్దరి మధ్యా నలిగే ప్రైవేట్ సెక్రటరీ బెర్నార్డ్. 21 ఎపిసోడ్లు, ఒక క్రిస్మస్ స్పెషల్, ఆ తర్వాత హ్యాకర్ ప్రధాని అయ్యాక ఇంకో 16.

ఒక ఎపిసోడ్‌లో కొత్త ఆసుపత్రి ఉంటుంది. 500 మందికి పైగా సిబ్బంది, ఒక్క రోగీ ఉండడు. పైగా అది చాలా బాగా నడుస్తున్న ఆసుపత్రి అని హంఫ్రీ వాదిస్తాడు. సచివాలయంలోనో కలెక్టరేట్‌లోనో పనిచేసినవాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఫైలు ఎందుకు కదల్లేదో, కమిటీ ఎందుకు వేశారో, నోట్ అలా ఎందుకు రాశారో వాళ్లే మనకి చెప్తారు. గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివేవాళ్లు విరామానికి చూస్తే, పరిపాలన పాఠాల్లో రాయని సగం ఇక్కడ కనిపిస్తుంది. మన టీవీలో 2001లో ఫారూఖ్ షేక్ మంత్రిగా జీ మంత్రీజీ పేరుతో హిందీ రూపం కూడా వచ్చింది.

చిక్కంతా హంఫ్రీ వాక్యాలతోనే. ఒక్కొక్కటి ఊపిరి తీసుకోకుండా సాగి, చివరికి ఏమీ చెప్పకుండా ముగుస్తుంది, నవ్వు అక్కడే ఉంది. సబ్‌టైటిళ్లు పెట్టుకుని చూడండి, అవసరమైతే వెనక్కి తిప్పండి. డిస్కు మీద కొనడానికి ఇదే గట్టి కారణం. ఇంగ్లీషు వేగం అందని పెద్దవాళ్లతో కలిసి చూడ్డానికి మాత్రం పనికిరాదు, నవ్వాల్సిన చోట వాళ్లకి అనువదించి చెప్తుంటే ఇద్దరికీ విసుగే.

కొలంబో

అమెరికన్ సీరియల్, మొత్తం 69 ఎపిసోడ్లు. హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు. నలిగిన రెయిన్‌కోటులో వచ్చిన లెఫ్టినెంట్ కొలంబో, అంటే పీటర్ ఫాక్, ఆ హంతకుణ్ణి ఎలా పట్టుకుంటాడన్నదే కథ. బ్యోమ్‌కేష్‌లో మనం ఊహిస్తాం, ఇందులో ఎదురుచూస్తాం. మొదటి సీజన్‌లో మొదట ప్రసారమైన ఎపిసోడ్‌కి దర్శకుడు అప్పటికి ఇంకా పాతికేళ్లు నిండని స్పీల్‌బర్గ్. ఎన్‌బీసీ ఛానల్‌లో 1978 వరకు వచ్చినవి కొనండి. 1989లో ఏబీసీలో మళ్లీ మొదలైనవి అభిమానులకే.

డిస్కు, ప్లేయర్ కలుస్తాయా?

డీవీడీల మీద ప్రాంతం అంకె ఉంటుంది. ఇండియాది 5, అమెరికాది 1, బ్రిటన్‌ది 2. యెస్ మినిస్టర్ బ్రిటన్ నుంచి, కొలంబో అమెరికా నుంచి తెప్పించుకుంటే మీ ప్లేయర్ "ఈ డిస్కు ఆడదు" అని చెప్పే అవకాశం ఎక్కువ. 0 అనో "ఆల్" అనో ఉంటే సమస్య లేదు. మన దగ్గర అమ్మే ప్లేయర్లలో చాలావాటిని అన్ని ప్రాంతాలకీ తెరవొచ్చు, కొనే చోటే అడిగి ఒక విదేశీ డిస్కు పెట్టి చూపించమనండి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకి చిక్కు ఇంకో వైపు నుంచి వస్తుంది. ఇండియా నుంచి తీసుకెళ్లే మాల్గుడి డేస్ ప్రాంతం 0 అయినా, అది పాల్ అనే మన టీవీ సిగ్నల్ పద్ధతిలో ఉండొచ్చు. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ తప్ప ఇంకొకటి తెలియదు. రెండూ ఆడే ప్లేయర్ కొనాలి, లేదా లాప్‌టాప్‌కి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి వీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడాలి. ఆ డ్రైవ్‌లో ప్రాంతం అంకె మార్చడానికి అయిదుసార్లే వీలుంటుంది, ఆ తర్వాత చివరిదే ఖాయం. ఊరికే ఆడుకోవద్దు.

ఇంకొకటి, టీవీలో బొమ్మ ఆకారం 4:3 పెట్టండి. తెర నిండాలని సాగదీస్తే గిరీష్ కర్నాడ్ కూడా పొట్టిగా లావుగా కనిపిస్తాడు. పక్కల నల్లటి పట్టీలు ఉంటే ఉండనీయండి.

ఎవరు దేనితో మొదలుపెట్టాలి?

ఇంట్లో మూడు తరాలుంటే మాల్గుడి డేస్, ఇంకో ఆలోచన అక్కర్లేదు. భార్యాభర్తలిద్దరే ఉండి రాత్రి ఒక గంట దొరికితే బ్యోమ్‌కేష్. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లు, ఇంగ్లీషు మాట మీద మోజు ఉన్నవాళ్లు యెస్ మినిస్టర్. అమెరికాలో ఉండి, ప్లేయర్ గొడవ లేకుండా ఈ శనివారమే మొదలుపెట్టాలంటే కొలంబో అక్కడే దొరుకుతుంది. బడికెళ్లే పిల్లలుండి, వాళ్లతో పక్కన కూర్చునే ఓపిక మీకుంటే భారత్ ఏక్ ఖోజ్. తమస్‌ను రెండో కొనుగోలుగా పెట్టుకోండి.

బ్యోమ్‌కేష్, కొలంబో రెండింటి మధ్యా ఊగేవాళ్లకి ఒక మాట. రాత్రి తొమ్మిదిన్నరకి కూర్చుని పదిన్నరకి నిద్రపోవాల్సినవాళ్లు కొలంబో సగంలో ఆపాల్సి వస్తుంది, సగంలో ఆపితే ఆ బిగువు పోతుంది. బ్యోమ్‌కేష్ ఆ గంటలో సర్దుకుంటాడు.

తెలుగువి ఏవీ చెప్పలేదేమని అడిగేవాళ్లకి: రాత బాగున్న తెలుగు సీరియల్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది 2001లో మొదలైన అమృతం. అది యూట్యూబ్‌లోనే హాయిగా చూడొచ్చు, డిస్కు కోసం వెతకాల్సిన అవసరం కనిపించలేదు.

ఈ సెట్లలో చాలావాటికి ఇప్పుడు కొత్త సరుకు రావడం లేదు. పాత స్టాకో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ లాంటి చోట్ల వాడేసినవో, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మేవో దొరుకుతాయి. డిస్కును తిప్పి అడుగుభాగం చూడండి. ఊదా రంగు మెరుపు ఉంటే చాలావరకు అది ఇంట్లో రాసిన కాపీయే, కంపెనీది వెండిలా ఉంటుంది. రెండు పొరల డిస్కుల్లో కొన్ని లేత బంగారు రంగులో ఉంటాయి, వాటికి భయపడొద్దు. గీతలు చుట్టూరా గుండ్రంగా పడ్డవైతే వదిలేయండి, మధ్య నుంచి అంచుకి అడ్డంగా పడ్డ సన్న గీతలైతే మామూలుగా ఆడుతుంది. తుడవడం కూడా అలాగే, మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి.

ఇంటికొచ్చాక మొదటి ఎపిసోడ్ ఆడింది కదా అని సంతోషపడకండి. డీవీడీ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది, దెబ్బలు ఎక్కువగా తగిలేది బయటి అంచుకే. కాబట్టి ఒకే పొర ఉన్న డిస్కులో చివరి ఎపిసోడ్‌నూ, రెండు పొరలదైతే (రెండో పొర అంచు నుంచి వెనక్కి చదవబడుతుంది కాబట్టి) సరిగ్గా మధ్యలో వచ్చేదాన్నీ ఒక అయిదు నిమిషాలు ఆడించండి. ప్రతి డిస్కుకీ ఇది చేసి, వెనక్కి ఇచ్చే గడువు లోపలే తేల్చుకోండి.